సితారా కాని సితారా

1929లో కూనో హాఫ్‌మైస్టర్ అనే జర్మన్ ఖగోళవేత్త ఆస్మాన్ ఫొటో పలకలు పరీక్షిస్తూ ఒక చుక్కను పట్టుకున్నాడు. బల్లి పేరున్న లాసెర్టా తారామండలంలో ఉంది అది. మామూలు కంటికి ఆనదు. ఒక పలక మీద కాస్త తేటగా, ఇంకో పలక మీద మసకగా పడింది. రోష్నీ పెరిగి తగ్గే సితారాలు ఆస్మాన్‌లో ఎన్నో ఉన్నాయి. వాటికి పేర్లు పెట్టే రివాజు ప్రకారం దీనికీ బిఎల్ లాసెర్టే అని పేరొచ్చింది. ఫెహ్రిస్త్‌లో ఎక్కింది, బాత్ ఖతమ్. దాదాపు నలభై ఏళ్లు ఆ పేరు మీద ఎవరికీ షక్ రాలేదు.

మనం రోష్నీ అంటే కంటికి కనిపించేదే అనుకుంటాం. కానీ రేడియో తరంగాలు, ఎక్స్‌రేలు, గామా కిరణాలు కూడా ఆ ఖాందాన్‌వే. తరంగాల పొడవులోనే ఫరఖ్. రేడియోవి అన్నిటికంటే పొడవు, గామావి అన్నిటికంటే పొట్టి.

1968లో జాన్ ష్మిట్ ఒక విషయం బయటపెట్టాడు. రేడియో ఖగోళవేత్తల జాబితాలో ఉన్న ఒక తేజోవంతమైన రేడియో మూలమూ ఈ సితారా ఒకటేనని. మామూలు సితారా రేడియోలో అంత జోరుగా వెలగదు. 1974లో ఓక్, గన్ అనే ఇద్దరు దాని చుట్టూ ఉన్న మసక వెలుగును విడదీసి పరీక్షించారు. అది ఒక కహ్‌కషాన్, అంటే గెలాక్సీ. దూరం సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాలు. మన కహ్‌కషాన్ అడ్డం కొలత లక్ష కాంతి సంవత్సరాల దరిదాపు. ఇక మీరే అందాజా వేసుకోండి.

1978లో పిట్స్‌బర్గ్ సదస్సులో ఎడ్ స్పీగెల్ ఇలాంటి వాటికి 'బ్లేజార్' అని పేరు పెట్టాడు. బిఎల్ లాసెర్టే, క్వేజార్ అనే రెండు పేర్లను కలిపిన మాట అది. కహ్‌కషాన్ నడిబొడ్డున మహా కృష్ణబిలం ఉంటుంది. దాని దగ్గర నుంచి పదార్థం కాంతివేగానికి దగ్గరి వేగంతో ధారగా చిమ్ముతుంది. ఆ ధార ముఖం మనవైపు తిరిగి ఉంటే అది బ్లేజార్. టార్చిలైటు నేరుగా కళ్లలో పడ్డట్టు దాని వెలుగు మనకు ఎన్నో రెట్లు హెచ్చుగా కనిపిస్తుంది.

ఆ ధార లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ఒక్క దూర్బీన్ చాలదు. 2005లో బిఎల్ లాసెర్టే భగ్గుమన్నప్పుడు రేడియో, మామూలు వెలుగు, ఎక్స్‌రే దూర్బీన్లు దాన్ని కనిపెట్టుకుని ఉన్నాయి. ఆ తారీఖులన్నీ పక్కపక్కన పేర్చి చూసిన అలన్ మార్షర్ బృందం 2008లో ఫలితం ప్రకటించింది. ధారలో ఒక ముద్ద మెలికలు తిరుగుతూ బయటికి వచ్చిందని, దారిలో రెండుసార్లు వెలుగు ఎగసిందని తేల్చింది. ఒక్క కిటికీలోంచి చూస్తే ఈ ఖిస్సా సగమే దొరికేది.

2011లో ఇదే బ్లేజార్ నుంచి వచ్చిన ఒక గామా మెరుపు సుమారు 13 నిమిషాల వ్యవధిలో తగ్గుముఖం పట్టింది. రోష్నీ అంత త్వరగా మారిందంటే, అది పుట్టిన చోటు చాలా చిన్నదై ఉండాలి. ధార మనవైపు దూసుకొస్తున్నందువల్ల వ్యవధి కుదించుకుపోయి కనిపిస్తుంది. ఆ హిసాబ్ కలుపుకున్నా, కహ్‌కషాన్ ముందు ఆ చోటు ఒక రేణువు.

ఇప్పుడు ఈ పహరాలో మన దేశమూ ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో 2024లో ప్రారంభమైన 21 మీటర్ల మేస్ గామా దూర్బీన్‌కు బ్లేజార్లు కూడా నిషానాయే. దాని తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ పాత్ర ఉంది.

హాఫ్‌మైస్టర్ ఝూట్ చెప్పలేదు. వెలుగు పెరిగి తగ్గిందన్న ఆయన గవాహీ అక్షరాలా సచ్చాయి. కాకపోతే అది అధూరీ గవాహీ. ఖబర్లు రాసే నాబోటి వాళ్లకు ఈ ఫరఖ్ రోజూ గుర్తుండాలి. బిఎల్ లాసెర్టే మాత్రం సితారా కాదని తేలి అర్ధశతాబ్దం దాటినా సితారా పేరుతోనే చలామణి అవుతోంది. ఒకసారి ఫెహ్రిస్త్‌లో ఎక్కిన పేరు అంత తేలిగ్గా పోదు మరి.