రూట్ పాస్‌వర్డ్ లేకుండా సాఫ్ట్‌వేర్ కట్టుకున్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ల్యాబులో లినక్స్ ముందు కూర్చుని "పర్మిషన్ డినైడ్" అనే మాట చూసిన మనవాళ్ల కోసం రాస్తున్నా.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు హాస్టళ్లలో ఉండి చదువుకునే మనలో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ లేదు. కాలేజీ ల్యాబే దిక్కు. అక్కడ రూట్ పాస్‌వర్డ్ మనకియ్యరు. అది లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకోలేం, లినక్స్ నేర్చుకోలేం అని చాలామంది అక్కడితోనే వదిలేస్తారు. కానీ చరిత్ర చూస్తే కథ తిరగబడి ఉంటుంది. లినక్స్ ప్యాకేజీలు తయారుచేసే పెద్ద పెద్ద వాళ్లే దాదాపు ముప్పై ఏళ్లుగా రూట్‌ను ఎట్లా వదిలించుకోవాలా అని తంటాలు పడుతున్నారు.

ముందు రూట్ అంటే ఏమో చూద్దాం. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. అప్పట్లో మనిషికొక కంప్యూటర్ లేదు. ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకోవాలి. అంటే ఇప్పటి మన ల్యాబు పరిస్థితే. ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకూడదు కాబట్టి ఎవరి జాగా వాళ్లకు పెట్టారు. అన్ని జాగాల మీదా అధికారం ఉండే ఒక్క ఖాతాకు సున్నా నంబరు ఇచ్చారు. అదే రూట్. దానికి అడ్డు చెప్పేది లేదు.

అయితే ఒక చిక్కు వచ్చింది. నా పాస్‌వర్డ్ నేను మార్చుకోవాలన్నా, అది ఉండే ఫైలు రూట్‌ది. అట్లని ప్రతి ఒక్కరికీ రూట్ ఇస్తే కొంప మునుగుతుంది. దీనికి రిచీ ఒక ఉపాయం కనిపెట్టాడు. అధికారాన్ని మనిషికి ఇవ్వకుండా, ఆ పని చేసే ఒక్క ప్రోగ్రాంకు మాత్రం ఇవ్వడం. దీన్ని సెట్‌యూఐడి అంటారు. 1979లో దీనికి పేటెంట్ కూడా వచ్చింది. "పనికి ఎంత కావాలో అంతే అధికారం" అనే ఆలోచన అంత పాతది.

ఇక లినక్స్ సంగతి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ విడుదల చేశాడు. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. మన దేశంలో సీ-డాక్ తెచ్చిన బాస్ లినక్స్ కూడా ఈ డెబియన్ మీద కట్టిందే. డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీగా వస్తుంది. ప్యాకేజీ అంటే ఒక కట్టిన పెట్టె. లోపల ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లోకి పోవాలి, ఏ ఫైలుకు ఎవరు యజమాని అనేది రాసి ఉంటుంది.

ముడి పడింది ఈ యజమాని దగ్గరే. పెట్టెలో చాలా ఫైళ్లకు యజమాని రూట్ అని ఉండాలి. కానీ ఒక ఫైలును రూట్ పేరు మీదికి మార్చాలంటే రూట్‌కే వీలవుతుంది. కాబట్టి పెట్టె కట్టేవాడు కూడా రూట్‌గానే కట్టాల్సి వచ్చేది. చూడండి ఎంత విచిత్రమో. ఎవరో రాసిన కోడు, ఎవరో రాసిన బిల్డ్ స్క్రిప్టు, వాటిని యంత్రం మొత్తం మీద అధికారంతో నడపడం. అదీ కేవలం ఒక పేరు రాయడం కోసం.

1997లో యోస్ట్ విట్టవేన్ అనే డెబియన్ డెవలపర్ ఫేక్‌రూట్ అనే చిన్న సాధనం రాశాడు. మన ఊర్లలో వీధి నాటకం తెలుసు కదా. వేషం కట్టినోడు తెల్లారేదాకా రాజే. ఆట మీద అందరూ మహారాజా అంటారు. ఆట దిగి ఊర్లోకి వస్తే ఎవడూ పన్ను కట్టడు. ఫేక్‌రూట్ అట్లాంటిదే. బిల్డ్ జరిగేటప్పుడు స్క్రిప్టు "ఈ ఫైలు రూట్‌ది చెయ్" అంటే, ఫేక్‌రూట్ మధ్యలో పట్టుకుని "సరే, చేసినా" అంటుంది. నిజానికి ఏమీ మార్చదు, గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత పెట్టె కట్టే ప్రోగ్రాం వచ్చి "ఇది ఎవరిది?" అని అడిగితే "రూట్‌ది" అని చెప్తుంది. పెట్టెలో ఆ పేరే పడుతుంది. అసలు రూట్ అధికారం ఎవరి చేతికీ పోలేదు.

దీనివల్ల ఎంత ప్రమాదం తప్పిందో తెలియాలంటే 2011 నాటి బంబుల్‌బీ సంగతి చూడాలి. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కోసం ఉన్న ప్రాజెక్టు అది. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక లోపలి ఫోల్డర్‌ను తీసేసే ఆజ్ఞ ఉంది. దారి పేరు మధ్యలో ఒక్క స్పేస్ ఎక్కువ పడింది. దాంతో ఆజ్ఞ అర్థమే మారిపోయింది, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అంతా ఉండే యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తాన్ని తీసేయమని అయింది. రూట్‌తో నడిపినవాళ్ల సిస్టమ్ అట్లే తుడిచిపెట్టుకుపోయింది. రాసినవాడు దొంగ కాదు, చెడ్డోడు కాదు. ఖాళీ ఒకటి ఎక్కువ కొట్టాడంతే. అదే మామూలు ఖాతాలో నడిచి ఉంటే "పర్మిషన్ డినైడ్" అని ఆగిపోయేది. మనం తిట్టుకునే ఆ మాట ఆరోజు చాలామందిని కాపాడేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫేక్‌రూట్ జైలు గది కాదు. దాని కింద నడిచే స్క్రిప్టుకు నీకున్న అధికారం అంతా ఉంటుంది. నీ ఫోటోలు, నీ ప్రాజెక్టు రికార్డు చెరపగలదు. దానికి వేరే దారి కావాల్సి వచ్చింది. 1979లోనే యూనిక్స్‌లో సీహెచ్‌రూట్ వచ్చింది. ఒక ఫోల్డర్‌నే ప్రపంచం అని ప్రోగ్రాంను నమ్మించే పద్ధతి అది. కానీ దాన్ని మొదలుపెట్టడానికీ రూట్ కావాలి. 2013లో లినక్స్ కెర్నెల్ 3.8తో యూజర్ నేమ్‌స్పేస్‌లు మామూలు వాడుకరికి కూడా అందాయి. అంటే నువ్వొక చిన్న గది కట్టుకుని ఆ గదిలో నువ్వే రూట్‌వి కావచ్చు, గది దాటితే మామూలు మనిషివే. పాడ్‌మ్యాన్ లాంటి సాధనాలు రూట్ లేకుండా కంటెయినర్లు నడిపేది దీంతోనే. ఇందులోనూ భయాలు లేకపోలేదు. ఆ తలుపు గుండా కెర్నెల్‌లోని లోపాలు బయటపడతాయని డెబియన్ చాలా ఏళ్లు దీన్ని మూసే ఉంచింది. 2021లో డెబియన్ 11తో తెరిచింది.

2017లో డెబియన్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. అసలు వేషం కూడా ఎందుకు అని అడిగారు. పెట్టె కట్టే ప్రోగ్రామే అన్నిటికీ యజమాని రూట్ అని రాసేస్తే చాలు కదా. ప్యాకేజీ వివరాల్లో "దీనికి రూట్ అక్కర్లేదు" అని ఒక్క వరుస రాసుకునే వీలు కల్పించారు. ఇరవై ఏళ్ల కింద గొప్ప అనుకున్న ఉపాయం కూడా చాలా ప్యాకేజీలకు అవసరమే లేకుండా పోయింది.

రూట్ లేకపోతే ఇక అంతా భద్రమేనా? కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక సంగతి బయటపెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో అది ఉంది. అందరూ చూసే కోడులో పూర్తిగా కనపడకుండా, విడుదల చేసిన ఆర్కైవ్‌లోని బిల్డ్ ఫైలులో మీట దాచారు. డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతున్నారా అని చూసుకుని అప్పుడే మేల్కొనేట్టు రాశారు. దానికి బిల్డ్ సమయంలో రూట్ అక్కర్లేదు. పెట్టెలో కూర్చుంటే చాలు, పెట్టె తెరిచిన చోట రూట్ అదే దొరుకుతుంది. కాబట్టి రూట్ లేకుండా కట్టడం ఒక కాపలా మాత్రమే. కోడు యాడ నుంచి వచ్చింది, చెక్‌సమ్, సంతకం సరిపోయాయా అనేది రెండో కాపలా.

మనవాళ్లకు ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, అనుమతి అనే మాట మనకు కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అప్పుడు మన జిల్లా అందులోనే ఉంది. యెరుకల, సుగాలి లాంటి తెగల మనుషుల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే పోలీసు చీటీ కావాలి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. ఆ అనుమతికీ ల్యాబు అనుమతికీ ముడి పెట్టి కోపం తెచ్చుకోమని నేను అనను. అక్కడ పుట్టుకను చూసి మనిషిని అనుమానించారు. ఇక్కడ అనుమానించాల్సింది ప్రోగ్రాంను, అది ఎవరు రాసినా సరే. ఈ తేడా తెలిస్తే పాస్‌వర్డ్ ఇయ్యలేదని చిన్నబుచ్చుకోం, దొంగతనంగా పాస్‌వర్డ్ సంపాదించాలనీ చూడం. మనకు ఇచ్చిన జాగాలోనే ఎంత చేయొచ్చో చూస్తాం.

ఎంత చేయొచ్చు? చాలా చేయొచ్చు. సోర్స్ కోడు మీ హోమ్ ఫోల్డర్‌లోనే విప్పి, కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా మీ హోమ్‌లోని లోకల్ ఫోల్డర్ ఇస్తే అక్కడే ఇన్‌స్టాల్ అవుతుంది. డెబియన్ లేదా ఉబుంటులో అప్ట్ డౌన్‌లోడ్ అనే ఆజ్ఞకు రూట్ అక్కర్లేదు. దించిన ప్యాకేజీని మీ ఫోల్డర్‌లోనే విప్పుకుని లోపల ఏముందో చూడొచ్చు. యూట్యూబ్‌లో ఎవరో ఇచ్చిన స్క్రిప్టును చదవకుండా నడపొద్దు. అందులో సుడో కనపడితే అది ఎందుకో అర్థమయ్యేదాకా ముందుకు పోవద్దు. తెలియని కోడయితే మీ మామూలు ఖాతాలో కాకుండా కంటెయినర్‌లో కట్టండి. మొదటి ప్రయత్నంగా తెలుగు ఫాంటు పెట్టుకోండి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన2000, వేమన2000 డెబియన్ ప్యాకేజీగానే దొరుకుతాయి. యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ప్రొద్దుటూరులో వేమన ఫాంటుతో మొదలుపెడితే బాగుంటుంది కదా.

తర్వాత అసలు పని ఉంది. ప్రొద్దుటూరుకు దగ్గర్లోనే కలమళ్ల ఉంది. సామాన్య శకం 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన తెలుగు శాసనం దొరికింది అక్కడే. రాతి మీద తెలుగు రాయించడానికి ఆరోజు రాజు కావాల్సి వచ్చింది. మన గోర్ బోలికి, యెరుకల భాషకు శాసనాలు లేవు. కానీ ప్రపంచ భాషల కోడ్ల పట్టికలో లంబాడీకి ఎల్ఎంఎన్, యెరుకలకు వైఈయూ అని గుర్తులు ఇప్పటికే ఉన్నాయి. స్పెల్లింగ్ చూసే ప్రోగ్రాంకు కావాల్సింది ముందుగా ఒక మాటల జాబితా. అవ్వ దగ్గర కూర్చుని వెయ్యి మాటలు తెలుగు లిపిలో రాసుకుంటే, దాన్ని ప్యాకేజీగా కట్టడానికి రాజూ అక్కర్లేదు, రూట్ పాస్‌వర్డూ అక్కర్లేదు.

మీ తాండాలో, మీ కాలనీలో ఎవరైనా ఇట్లాంటి జాబితా ఇప్పటికే రాసి ఉంటే కింద చెప్పండి. ప్యాకేజీ కట్టే పని నేను చూసుకుంటా, పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఇంకా సంతోషం.