కుంపిణీవారి చౌక తుపాకి

బ్రిటిషు పదాతులు నెపోలియను సైన్యముల నెదుర్కొన్నది తూర్పిండియా కుంపిణీ వర్తకులు తమ సిపాయిల నిమిత్తము చౌకగాఁ జేయించుకొనిన మాదిరి తుపాకితోనే యని చదువరులలోఁ బలువు రెఱుఁగకపోవచ్చును. రాజ్యము తన యాయుధమును వర్తకుని కొట్టునుండి తెచ్చుకొనిన యీ వృత్తాంతమునఁ దెలుఁగువారికిని గొంత పాలు గలదు గనుక దానినిఁ గొంచెము విచారింతము.

అది చెకుముకి తుపాకి. మందును గుండును మూతినుండి పోసి, గజమనెడి యినుప చువ్వతో దట్టింపవలెను. మీట నొక్కినంతనే గుఱ్ఱము నోట బిగించిన చెకుముకిరాయి యెదుటి యుక్కురేకును రాచి నిప్పురవ్వలు రాల్చును. అవి చిన్నగిన్నెలోని రంజకమునఁ బడఁగా, ప్రక్కబెజ్జముగుండ మంట గొట్టములోని మందునకు సోఁకును. శిక్షితుఁడైన సిపాయి నిమిషమునకు మూఁడుమాఱులు కాల్పఁగలఁడు. ఇందుఁ బనితనమంతయుఁ గీలులోనే యున్నది. కమానులు సరిగ లేక, యుక్కురేకునకుఁ దగిన పదును పట్టకయున్నచో రవ్వ పుట్టదు. రవ్వ పుట్టని తుపాకి దుడ్డుకఱ్ఱకంటె మేలు గాదు. కావున ధనము చాలని కొనుగోలుదారు దేనిలో వ్యయము తగ్గించుకొనఁదగు ననునదియే ప్రశ్న.

1784 మొదలు 1795 వఱకు నాయుధశాఖ కధిపతిగా నుండిన రిచ్‌మండు డ్యూకు మేలైన తుపాకినే కోరెను. హెన్రీ నాక్ అను లండను శిల్పి లోపల మరమేకు లక్కఱలేని క్రొత్తకీలునుఁ గల్పించి యొక మాదిరిని సిద్ధపఱచెను. పని చక్కనిదే, కాని వెల హెచ్చు, చేయుటకుఁ గాలము మిక్కుటము. 1793 ఫిబ్రవరిలో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చిపడెను. ఆయుధశాలలోఁ దుపాకులు చాలవయ్యెను. మంచి మాదిరి సిద్ధమగువఱకు శత్రు వాఁగునా? ప్రభుత్వమువారు కుంపిణీవారు కూర్చుకొనియున్న తుపాకులనే కొనిరి. 1797లో శిల్పులందఱు నిఁక నా మాదిరినే చేయవలసినదని యుత్తరు విచ్చిరి.

చౌక యెట్లు వచ్చెను? అంతకుముందు రాజసైనికుల పొట్టితుపాకి గొట్టము 42 అంగుళములు, కుంపిణీవారిది 39. గజమును దూర్చు నిత్తడి గొట్టములు నాలుగింటికి మూఁడయ్యెను. ఇత్తడి తొడుగులు సాదావయ్యెను. అక్రోటుకఱ్ఱలో రెండవరకమునుఁ గూడఁ గైకొనిరి. గొట్టపు లోకొలత మాత్రము ముక్కాలంగుళముగానే నిలిచెను. ఈ కోఁతలో మిక్కిలిభాగము సైనికుని ప్రాణ మాధారపడని చోట్లనే జరిగెనని నా తలంపు. మున్నూఱడుగుల కవ్వల నెట్లును గుఱి నిలువని నున్నని గొట్టమున మూఁడంగుళములు తగ్గుటవలని నష్టము స్వల్పము. గుఱ్ఱముపట్ల నిట్లనఁజాలము: హంసకంఠమువలె వంగిన సన్నని గుఱ్ఱమునకు బలము చాలమిచే, 1809లో మెడలో నుంగరమువంటి రంధ్రముగల దృఢమైన గుఱ్ఱమును బెట్టవలసివచ్చెను.

1802లో శాంతి కుదురఁగానే మరల 42 అంగుళముల మాదిరి నొకదానిఁ దలపెట్టిరి గాని, 1803లో యుద్ధము రాఁగాఁ జౌక మాదిరియే సాగెను. 1815 నాఁటికిఁ బదిలక్షలకు మించి తయారయ్యెను. బర్మింగుహాములో గొట్ట మొకఁడు, కీ లొకఁడు, తుదకుఁ జిన్న మరమే కొకఁడు చేయుటచే నింత సాధ్యమయ్యెను.

కుంపిణీ సిపాయిలను నుత్తరహిందూస్థానమున 'తిలంగా'లనిరి. బంగాళమునకు మొదట వెళ్లినవారు చెన్నపట్టణపు దిక్కునుండియుఁ దెలుఁగునేలనుండియు వచ్చినవారగుటయే యా పేరునకుఁ గారణము. పిమ్మట నే జాతివాఁడైనను దిలంగాయే యయ్యెను. ఆ తిలంగాల చేత చెకుముకి తుపాకి యుండఁగా, సీమ పాళెగాండ్ర బంట్లు పెక్కుమంది జామగి తుపాకినే పట్టిరి. దీనిని వారి యజ్ఞానమని తలఁచుట తగదు. జామగి యనఁగా నెల్లప్పుడు రాజుచుండు వత్తి. అది వానలో నాఱును, చీఁకటిలో నుండుచోటు చాటును, నిజమే. అయినను దానికిఁ బదునుపట్టిన యుక్కురే కక్కఱలేదు, బలమైన కమా నక్కఱలేదు. చెడినచో నూరి కమ్మరియే బాగుచేయును. చెకుముకిరాయియో కొన్ని పదుల దెబ్బలకే యరిగిపోవును. బ్రిటిషు సైన్యమునకు సఫోకులోని బ్రాండను నందు ఱాళ్లు చెక్కి యిచ్చెడివారు. పాళెగాని కా వసతి యెక్కడిది? పేదవాని లెక్క వాని యూరి కొలిమినిఁ బట్టి యుండును.

యుద్ధములు ముగిసినపిదప మిగిలిన తుపాకులు దేశాంతరములకు విక్రయింపఁబడెను. క్రొత్తగా స్వతంత్రమై, బొక్కసము వట్టిదైన మెక్సికో వానిని విశేషముగాఁ గొనెను. 1836లో టెక్సాసునందలి ఆలమోను ముట్టడించిన మెక్సికో సైనికులలోఁ బలువురు పట్టినవి యివియే. గొట్టపు పొడవు 39 అంగుళములును, గజమును దూర్చు గొట్టములు మూఁడును నుండుటను జూచి, మ్యూజియములలో వీనిని నేఁటికిని గుర్తింపవచ్చును.