ర్యాగింగ్: తెలుసుకోవలసిన నిబంధనలు

ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఉంటూ పిల్లలను ఇక్కడో, ఆంధ్రప్రదేశ్‌లోనో చదివించే తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన ర్యాగింగ్ నిషేధ చట్టాలు రెండు. పశ్చిమ బెంగాల్ చట్టం 2000 నాటిది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1997 నాటిది. ఆంధ్ర చట్టంలో నేర తీవ్రతను బట్టి శిక్ష పెరుగుతుంది. ఫిర్యాదును పట్టించుకోని ప్రిన్సిపాల్‌ను సైతం నేరానికి సహకరించినట్టే పరిగణిస్తుంది. ఇది అవసరమైన కట్టుదిట్టమే. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం, శిక్షార్హమైన నేరం జరిగినట్టు తేలితే, సమాచారం అందిన 24 గంటల్లో సంస్థాధిపతి ఎఫ్‌ఐఆర్ నమోదుకు చర్య తీసుకోవాలి.

కొత్త విద్యార్థిచేత బలవంతంగా మద్యం తాగించడమూ ర్యాగింగే. స్పృహ తప్పినవారిని శిక్షకు భయపడి గదిలో దాచడం ప్రాణాంతకం. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలక, వెంటనే 112కు ఫోన్ చేయాలి. ర్యాగింగ్ ఫిర్యాదులకు ఉచిత నంబరు 1800-180-5522.