కుక్క బిస్కట్టు కథా కమామిషూ

మా ఇంట్లో బియ్యం బస్తా ధర అడిగితే నేను తడుముకుంటాను గానీ, కుక్క తిండి సంచి ధర మాత్రం మావారు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కిలో లెక్కన చూస్తే అది మేం తినే సన్నబియ్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మరి. "ఏముందోయ్ ఇందులో అంత?" అని ప్రతినెలా అడుగుతారు. "వెనకాల రాసుంది, చదువుకోండి నాన్నా" అంటుంది మా అమ్మాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదువుతారు. మాంసకృత్తులు ఇంత శాతం, కొవ్వు ఇంత, పీచు ఇంత, తేమ ఇంత. అంతా చదివి సంచి కింద పెట్టి, "అది సరే, ఏముంది ఇందులో?" అంటారు మళ్ళీ.

మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత తర్వాత ఆ ప్రశ్న నన్నే పట్టుకుంది. నవలలు రాసుకునేదాన్ని, నాకెందుకండీ కుక్క తిండి గొడవ అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఒకసారి తవ్వడం మొదలుపెట్టాక, ఆ గిన్నె అడుగున నా చిన్నతనంలోని సంగతి ఒకటి దొరికింది. అది చెప్పాలంటే మొదట లండన్ రేవు దాకా వెళ్ళిరావాలి.

జేమ్స్ స్ప్రాట్ అని ఒక అమెరికా ఆసామీ. ఇళ్ళమీద పిడుగు పడకుండా పెట్టే కడ్డీలు అమ్ముకుందామని లండన్ వెళ్ళాడు. రేవులో ఓడ సరంగులు పారేసిన గట్టి బిస్కట్లను వీధికుక్కలు ఎగబడి తినడం చూశాడట. ఆ బిస్కట్లంటే పిండీ నీళ్ళూ కలిపి రాయిలా కాల్చినవి, నెలల తరబడి సముద్రం మీద చెడకుండా వుండేవి. పిడుగుల కన్నా కుక్కలే నయమనుకున్నాడు కాబోలు, 1860 ప్రాంతాల్లో గోధుమపిండీ, కూరముక్కలూ, బీట్‌రూటూ, మాంసమూ కలిపి పెద్ద బిళ్ళలుగా చేయించి 'మీట్ ఫైబ్రిన్ డాగ్ కేక్స్' అని పేరు పెట్టి అమ్మాడు. అమెరికా మైదానాల్లో మేసిన పశువుల మాంసమని ప్రచారం. మావారు ఆ కాలంలో వుండివుంటే "ఏముందోయ్ ఇందులో?" అని తప్పకుండా అడిగివుండేవారు.

అడిగినవాళ్ళు తక్కువే అనుకుంటాను. ఎందుకంటే ఆ బిళ్ళలు కొన్నది వీధికుక్కలున్న వాళ్ళు కాదు, వేటకుక్కలున్న దొరలూ, ఒళ్ళో కుక్కపిల్లలున్న దొరసానులూ. స్ప్రాట్ దగ్గర గుమాస్తాగా చేరిన చార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడు ఈ కిటుకు బాగా పట్టేశాడు. కంపెనీ సరుకు అమ్మడానికి కుక్కలున్న బంగళాలన్నీ తిరిగినవాడు, 1886లో తనే కుక్కల ప్రదర్శన పెట్టించాడు. ఇప్పటికీ ఇంగ్లండులో ఏటా జరిగే 'క్రఫ్ట్స్' ప్రదర్శనకి ఆ పేరు ఈ బిస్కట్ల గుమాస్తాదే. తినేది కుక్కే అయినా కొనేది అమ్మగారు కదా! అప్పటినుంచీ సంచీమీద బొమ్మ అమ్మగారి కోసమే వేస్తున్నారు.

ఇంతవరకూ అంతా వ్యాపారమే. కుక్క ఒంటికి నిజంగా ఏం కావాలో ఎవరికీ తెలీదు. తెలిసిన మొదటి సంగతి ఒక ఆడపిల్లల కాలేజీలోంచి వచ్చింది. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఫర్ విమెన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ అనే ప్రొఫెసరు వుండేవారు. ఆ రోజుల్లో లండన్ బీదల పిల్లలకి కాళ్ళు విల్లులా వంగిపోయేవి. రికెట్స్ అంటారు. గాలీ వెలుతురూ లేక అని కొందరు, వంశంలోనే వుందని కొందరు. మెలన్‌బీ కుక్కపిల్లల్ని తెచ్చి ఓట్సూ రొట్టే లాంటి తిండిమీదే పెంచాడు. వాటి కాళ్ళూ అచ్చం అలాగే వంగిపోయాయి. తిండికి కాడ్ చేప కాలేయం నూనె చేర్చి పెంచిన పిల్లలు నిటారుగా నిలబడ్డాయి. 1919లో ఇది లోకానికి చెప్పాడు. కొద్ది ఏళ్ళకే ఆ నూనెలో దాగిన వస్తువుకి డి విటమిన్ అని పేరు పెట్టారు. ఆయన భార్య మే మెలన్‌బీ కూడా సైంటిస్టే. తిండికీ కుక్కల పళ్ళకీ వున్న సంబంధం ఏళ్ళ తరబడి చూసిందావిడ.

ఇది చదువుతూ నేను పుస్తకం మూసేశాను.

మా తెనాలి ఇంట్లో, నేను నాలుగో క్లాసు చదివేటప్పుడు, మోతీ అని కుక్కపిల్ల వుండేది. బొద్దుగా, తెల్లగా, చెవి దగ్గర ఒక్క నల్లమచ్చ. శాకాహారపు ఇల్లు మాది. పొద్దున్న గంజి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మిగిలితే మజ్జిగ నీళ్ళు. ఆశగానే తినేది పాపం. నాలుగు నెలలొచ్చేసరికి ముందుకాళ్ళు రెండూ బయటికి వంగిపోయాయి. గడప ఎక్కలేక అక్కడే కూచుని మొరిగేది. దిష్టి తగిలిందని నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. "ఎండలో కట్టెయ్యండి, అదే బాగుపడుతుంది" అన్నారు పక్కింటి మాస్టారు. కట్టేశాం కూడా. ఆ వానాకాలం దాటలేదది.

ఎండలో మనిషి చర్మం డి విటమిన్‌ని తయారుచేసుకుంటుంది. కుక్క చర్మానికి ఆ శక్తి దాదాపు లేదు, దానికి తిండిలోంచే రావాలి. పైగా బియ్యంలో కాల్షియం అతి తక్కువ. ఇది మొన్న మా లడ్డూకి సూది వేయించడానికి వెళ్ళినప్పుడు పశువుల డాక్టరమ్మ చెబితే తెలిసింది, ముప్ఫై అయిదేళ్ళు ఆలస్యంగా.

సరే, కథలోకి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో మోటార్లూ ట్రాక్టర్లూ వచ్చి గుర్రాలకి పని పోయింది. 1922లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో చాపెల్ అన్నదమ్ములు ఆ గుర్రాల మాంసాన్నే డబ్బాల్లో పెట్టి 'కెనెల్ రేషన్' అని అమ్మారు. నిన్నటిదాకా బండిలాగిన గుర్రం ఇవాళ డబ్బాలో! ఆ డబ్బా తిండి మాత్రం ఇంటింటికీ పాకింది. రెండో యుద్ధం వచ్చి తగరం సైన్యానికి కావలసివచ్చేసరికి డబ్బాలు ఆగిపోయి, పొడి తిండికి రోజులొచ్చాయి.

ఈలోగా కుక్కలు మనుషులకి ఇంకో ఉపకారం చేశాయి. మొక్కజొన్న మీదే బతికే బీదవాళ్ళకి పెలాగ్రా అని జబ్బు వచ్చేది. చర్మం నల్లబడి పొట్టు లేచేది, మతి చెదిరేది. అలాంటి తిండే పెడితే కుక్కలకి నాలుక నల్లబడేది. 1937లో ఎల్వెజెమ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నికోటినిక్ ఆమ్లం ఇచ్చి ఆ నల్లనాలుక కుదిర్చాడు. దాంతో మనుషుల పెలాగ్రాకీ మందు దొరికింది.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. దక్కనులో జొన్నరొట్టె మీదే బతికిన కూలీలకీ ఈ జబ్బు వచ్చేది. మొక్కజొన్న తినకుండానే ఎలా వచ్చిందని తల బద్దలుకొట్టుకున్నది హైదరాబాదులోని పోషకాహార సంస్థ. తార్నాకలో నేను కూరలకి వెళ్తూ రోజూ దాటే గేటు అదే! జొన్నలో ఎక్కువగా వుండే లూసిన్ అనే పదార్థం దీనికి కారణమేమో అని డాక్టర్ సి. గోపాలన్‌గారు అనుమానించారు. 1960లలో అక్కడ కుక్కలకి లూసిన్ ఎక్కువగా ఇచ్చి చూస్తే నాలుకలు నల్లబడ్డాయి. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయనుకోండి. కానీ ఆ గేటు ముందు ఆటో కోసం నిలబడినప్పుడల్లా, మన కూలీల రోగం గుట్టు వెతకడానికి నాలుక చాపిన ఆ పేరులేని కుక్కలు నాకు గుర్తొస్తాయి.

ఇప్పుడు మన సంచీలో గలగలమనే గుళికల సంగతి. ఇవి 1957లో ప్యూరినా కంపెనీ వాళ్ళు తెచ్చిన పద్ధతి. ఆ యంత్రం మన జంతికల గొట్టానికి పెద్దన్నయ్య. ధాన్యపు పిండీ, మాంసపు పొడీ కలిపిన ముద్దని ఆవిరి వేడిలో, గట్టి ఒత్తిడిలో నెడతారు. బిళ్ళ రంధ్రాల్లోంచి బయటికి రాగానే ఒత్తిడి తగ్గి పొంగుతుంది. ముక్కలు కోసి, ఎండబెట్టి, పైన కొవ్వు చల్లుతారు. కుక్క లొట్టలు వేసేది లోపలి పిండికి కాదు, ఆ పైపూతకి. విటమిన్లు వేడికి కొంత పోతాయి గనక విడిగా కలుపుతారు.

మరుసటి ఏడాదే అక్కడి కంపెనీలన్నీ కలిసి పెట్ ఫుడ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాయి. 'ఇంట్లో మిగిలిన తిండి కుక్కకి పెట్టకండి' అన్న ప్రచారం జోరుగా సాగింది. మోతీని పోగొట్టుకున్నదాన్ని గనక ఆ మాట పూర్తిగా అబద్ధమని నేను అనలేను. మన ఉల్లిపాయ కూర కుక్క రక్తానికి విషం. ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే. అలాగని ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టిన గుడ్డు విషమూ కాదు, సంచిలోది అంతా అమృతమూ కాదు.

ఆ సంచీ మీది రాత చదవడం ఒక విద్య. అమెరికా పద్ధతినే చెప్తాను. డబ్బామీద మాంసకృత్తులు 8 శాతం, సంచిమీద 22 శాతం అని వుందనుకోండి. సంచీయే నయమనిపిస్తుంది. కానీ డబ్బాలో 80 పాళ్ళు నీళ్ళే. నీళ్ళు తీసేస్తే మిగిలిన 20లో 8 అంటే నూటికి 40. సంచీలో నీళ్ళు 10 పాళ్ళే గనక తీసి లెక్కేస్తే 24 దాటి కొంచెం. మజ్జిగనీ పాలపొడినీ పక్కపక్కన పెట్టి ఏది చిక్కన అని అడగడం లాంటిదే ఇదీ.

దినుసుల పట్టీ బరువు ప్రకారం రాయాలి, ఎక్కువున్నది ముందు. కోడిమాంసం మొదట వుందని మురిసిపోతాం. పచ్చి మాంసంలో ముప్పాతికకి దగ్గరగా నీరే, ఆరితే వెనక వరసకి పోతుంది. మొక్కజొన్నని పిండి, తవుడు, జిగురు అని మూడు పేర్లతో విడగొట్టి రాస్తే, ముగ్గురు తోటికోడళ్ళ వాటాలు విడివిడిగా చిన్నవిగా కనిపించినట్టు, మొత్తం ఎంతో తెలీదు. పేరులో ఇంకో తమాషా వుంది. ఉత్త 'బీఫ్' అంటే నీరు కలపకుండా 95 శాతం వుండాలి. 'డిన్నర్' అని తోక తగిలిస్తే 25 చాలు. 'విత్ బీఫ్' అన్నారా, 3 శాతంతో సరి! 'ఉపఉత్పత్తులు' అన్న మాట చూసి ముక్కు చిట్లించేవాళ్ళున్నారు గానీ నేను చిట్లించను. కాలేయం, మూత్రపిండాలు మాంసాహారుల ఇళ్ళలో బాలింతలకి పెట్టేవే కదా.

అసలు ఆ మాంసకృత్తుల శాతం ఎలా లెక్కకడతారనుకుంటున్నారు? ఎప్పటినుంచో వున్న పద్ధతిలో మాంసకృత్తుల్ని నేరుగా కొలవరు. తిండిలో వున్న నైట్రోజన్‌ని కొలిచి, 6.25తో హెచ్చవేస్తారు. నైట్రోజన్ ఎక్కణ్ణించి వచ్చిందని లెక్క అడగదు.

ఆ సంగతి కనిపెట్టినవాళ్ళు ప్లాస్టిక్ తయారీకి వాడే మెలమైన్ పొడిని గోధుమ జిగురులో కలిపారు. అందులో మూడింట రెండు వంతులు నైట్రోజనే, తిండి విలువ సున్నా. చైనా నుంచి వచ్చిన ఆ జిగురు ఉత్తర అమెరికాలో కుక్కల, పిల్లుల తిండిలో చేరింది. అందులోనే వున్న సయన్యూరిక్ ఆమ్లంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టింది. 2007 మార్చి 16న మెనూ ఫుడ్స్ అనే కెనడా కంపెనీ ఆరు కోట్ల పైచిలుకు డబ్బాలూ పొట్లాలూ వెనక్కి పిలిచింది. ఆ డబ్బాల మీద శాతాలన్నీ సరిగ్గానే వున్నాయి మరి.

మరుసటి ఏడాది, 2008లో, చైనాలోనే అదే మెలమైన్ పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఏడాది ముందే కుక్కగిన్నెలో తేలిన మోసం అది.

ఇదంతా మావారికి చెప్పాను. "అయితే సంచి మానేద్దామా?" అన్నారు. మానలేదు. లడ్డూకి సంచీలోదే కొలిచి పెడుతున్నాం, వారానికి రెండు గుడ్లు అదనం. కంపెనీకి మాత్రం మా అమ్మాయి చేత ఉత్తరం రాయించాను, నీళ్ళు తీసేసి లెక్కకట్టి చెప్పమనీ, కాల్షియం ఎంతో రాయమనీ. జవాబు ఇంకా రాలేదు.

మొన్న ఆదివారం తెనాలికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి మోతీ కాళ్ళ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మనం తిన్నదే పెట్టాం కదే దానికి" అంది.

"అవునమ్మా" అన్నాను.

ఆ రోజుల్లో తమ్ముడికి ఎముక బలం కోసమని డాక్టరు చేప నూనె రాశాడు. మా ఇంట్లో మందు పేరుతో చెల్లిపోయిన ఒకే ఒక్క చేప అది. వాడు చెంచాడు నోట్లో పోయించుకుని పరిగెత్తి, బావి గట్టు వెనకాల ఉమ్మేసి వచ్చేవాడు.

"ఆ సీసా వసారా గూట్లోనే వుండేది" అంది అమ్మ. "ఆ గూటి కిందే పడుకునేదది."