దొరల మతం అన్నారు గానీ

చలిమంట దగ్గరికి జరగండర్రా. మన సంఘం ఎట్లా పుట్టిందని కదా చిన్నోడు అడిగింది? చెబుతా.

కుంపిణీ వాళ్లకి మొదట్లో పాదిరీలంటే గిట్టేది కాదు. మతం జోలికి పోతే జనం తిరగబడి వ్యాపారం చెడుతుందని భయం. 1833లో చట్టం మారాకే పరదేశపు మిషన్లకి దారి దొరికింది. 1842 జూలై 31న ఫాదర్ హయ్యరు గుంటూరులో అడుగుపెట్టాడు. పుట్టింది జర్మనీలో, పంపింది అమెరికా లూథరన్లు. ఆదరించిందేమో కలెక్టరు స్టోక్సు దొర. అది ఆయన సొంత భక్తి, కుంపిణీ హుకుం కాదు. కానీ శిస్తు కట్టే రైతుకి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఇద్దరూ దొరలేనాయె! మనది సర్కారు మతమన్న మాట అట్లా పడింది.

ఆ మాట హయ్యరు విషయంలో అన్యాయం నాయనా. పల్నాడులో గురజాల దాకా పోయి పల్లెల్లో తిరిగిన మనిషాయన. వెళ్లిపోయాక కూడా, రాజమండ్రి మిషను వేరే వాళ్ల చేతికి పోతోందని విని, 1869లో డెబ్బయ్యారేళ్ల ముసలితనంలో మళ్లీ సముద్రం దాటొచ్చాడు. ఏ సర్కారు పంపితే వచ్చాడు?

సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు ఏమైందో వినండి. అక్కడ హెర్మన్స్‌బర్గు జర్మను మిషను ఉండేది. 1914లో యుద్ధం రాగానే ఇంగ్లీషు సర్కారు ఆ పాదిరీలనే శత్రువులని నిర్బంధించింది. ఇద్దరిదీ ఒకే బైబిలు! తర్వాత ఆ సంఘాలని అమెరికాలోని ఒహాయో లూథరన్లు చూసుకున్నారు.

1927లో మన గుంటూరు సంఘం ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం, అదే ఏఈఎల్‌సీ, అయింది. ఆ తర్వాత స్వరాజ్యమూ వచ్చింది. ఎవరి మతం వాళ్లదని రాజ్యాంగం చెప్పింది. సంతోషించాం. అయితే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులైతేనే ఎస్సీలంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనలాంటి దళిత క్రైస్తవుల్ని కలపలేదు. ఇక్కడ బీసీ-సి అని ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చి సరిపెట్టారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లోవాళ్లు మనల్ని పల్లెవాళ్లనడం మానారా? దొరల మతమని నింద మోశాం, దొరల సర్కారూ స్వరాజ్యపు సర్కారూ రెండూ మనల్ని వాకిట్లోనే నిలబెట్టాయి.

ఆ మతం షరతు తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లోనే చెప్పింది. మీరు చదువుకున్నవాళ్లు. ఆ నివేదిక తెప్పించి, తెలుగులో చెప్పి, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో అందరికీ వినిపించండి.