ఇంటి కంప్యూటరుకు తాళం ఎలా వచ్చింది?

కంప్యూటరు మనదే. అయినా కొన్ని ఫోల్డర్లను ముట్టుకోబోతే "అనుమతి లేదు" అంటుంది. సొంత ఇంట్లో మనకెందుకీ తాళం?

ఈ తాళం పదిమంది పంచుకునే పెద్ద కంప్యూటర్లలో పుట్టింది. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో మొదలైన యూనిక్స్, ఏ ఫైలును ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో రాసిపెట్టేది. ఇంటి కోసం వచ్చిన విండోస్ 95, 98లలో ఆ కట్టుబాటు లేదు. వైరస్ చొరబడితే సిస్టం ఫైళ్లన్నీ దాని చేతిలోనే. 2001లో విండోస్ ఎక్స్‌పీ తాళం తెచ్చింది. కానీ చాలామంది అడ్మినిస్ట్రేటరుగానే పనిచేస్తూ, తాళంచెవి తలుపుకే వదిలేశారు. అందుకే 2007లో విస్టా, పెద్ద మార్పులకు ముందు యజమానినైనా అడగసాగింది.

మనం నడిపే ప్రోగ్రాముకు మన అధికారమే దక్కుతుంది. కాబట్టి ఆ ప్రశ్న మనమీద అనుమానం కాదు, మన పేరుతో వచ్చినదాని మీద. "సరే" నొక్కేముందు, ఈ పని మొదలుపెట్టింది మనమేనా అని చూసుకోండి.