ముందు పన్నుకు అతుకు కుదిరిన కథ

దవడ పన్ను పుచ్చిపోతే అక్కడ ఏ రంగు లోహం నింపినా ఎవరికీ పెద్దగా కనపడదు. ముందు పన్ను సంగతి అలా కాదు. నవ్వితే చాలు, బయటపడిపోతుంది. అందుకే పన్ను రంగులో ఉండే పదార్థం కోసం వైద్యులు చాలా కాలం వెతికారు. కాని ఈ చరిత్ర చదివితే అసలు చిక్కు రంగు కాదు, అతుకు అనిపిస్తుంది.

19వ శతాబ్దంలో అమెరికాలో ముందు పళ్ళలో కూడా బంగారు రేకు కూరేవాళ్ళు. రేకును చిన్న ఉండలుగా చేసి, గుంటలో పెట్టి, కొట్టి కొట్టి బిగించాలి. గట్టిగా నిలిచేది, పచ్చగా మెరిసేది కూడా! 20వ శతాబ్దం మొదట్లో సిలికేట్ సిమెంటు వాడకం పెరిగింది. గాజు పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపిన ముద్ద అది. చూడటానికి పన్నులాగే ఉన్నా ఉమ్మిలో మెల్లగా కరిగేది. 1940లలో అక్రిలిక్ ప్లాస్టిక్ వచ్చింది. అది గట్టిపడేటప్పుడు ముడుచుకుపోయి అంచుల్లో సందు వదిలేది. ఆ సందులోకి ఉమ్మి, క్రిములు దూరి పన్ను మళ్ళీ పుచ్చేది.

బంగారం గాని, అక్రిలిక్ గాని పన్నుకు గట్టిగా అంటుకునేవి కావు. కాబట్టి గుంటను చెంబులాగా మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా చెక్కి అందులో ఇరికించాలి. అంటే పుచ్చిన భాగంతో పాటు మంచి పన్ను కూడా కొంత పోయేది. మరి ఆటలో పడి పన్ను మూల విరగ్గొట్టుకున్న పిల్లవాడి గతేమిటి? అక్కడ గుంటే లేదు, దేనిలో ఇరికిస్తారు?

దీనికి దారి చూపినవాడు మైకేల్ బ్యూనకోర్. ఆయన అమెరికాలోని రోచెస్టర్ నగరంలో పనిచేసేవాడు. కార్ఖానాల్లో లోహానికి రంగు బాగా పట్టాలని ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తారు. మనం ఇనుప గేటుకు రంగు వేసేముందు ఉప్పు కాగితంతో రుద్దుతాం కదా, అలాంటిదే. పంటికి కూడా అలా చేస్తే? ముందు పళ్ళ మీద 85 శాతం ఆమ్లాన్ని 30 సెకన్లు ఉంచి, కడిగి, అక్రిలిక్ చుక్కలు అతికించి చూశాడు. ఆమ్లం రాయని పళ్ళ మీద చుక్కలు త్వరగా ఊడిపోయాయి. రాసినవాటి మీద వారాల తరబడి నిలిచాయి. 1955లో ఈ సంగతి ప్రకటించాడు. పంటి మీద ఆమ్లమా అని చాలామంది వెనకాడారట. నిజానికి అది ఎనామెల్‌ను పైపైన కొరికి, కంటికి కనిపించని గుంటలు చేస్తుంది. పలుచని జిగురు వాటిలోకి దిగి వేళ్ళలాగా పట్టుకుంటుంది.

అతుకు దొరికింది గాని అతికించడానికి మంచి పదార్థం లేదు. అది రాఫెల్ బోవెన్ పని. 1962లో పేటెంటు పొందిన ఆయన రెజిన్ అక్రిలిక్ కంటే తక్కువ ముడుచుకునేది. అందులో సన్నని సిలికా పొడి కలిపాడు. కాంక్రీటులో సిమెంటుకు కంకర ఎలాగో, దీనికి సిలికా అలాగ. పొడి విడిపోకుండా రేణువులకు సైలేన్ పూత కూడా పూశాడు. ఈ మిశ్రమమే కాంపోజిట్.

1970లలో దాన్ని వెలుగుతో గట్టిపరచడం మొదలైంది. ముందు అతినీలలోహిత కాంతి, తర్వాత కంటికి కనిపించే నీలి వెలుగు. దాంతో డాక్టరుకు తీరిక చిక్కింది. దీపం వేసేదాకా ముద్ద మెత్తగానే ఉంటుంది, కావలసిన ఆకారం దిద్దుకోవచ్చు. వెలుగు లోతుగా పోదు కాబట్టి సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తారు. లోపల చిక్కటి రంగు, పైన కొంచెం వెలుగు దూరే రంగు. పక్క పన్నుకు అంటుకోకుండా మధ్యలో పలుచని ప్లాస్టిక్ పట్టీ పెడతారు. రంగు మాత్రం పని మొదలుపెట్టకముందే, పన్ను తడిగా ఉండగానే ఎంచుకోవాలి. ఎండిన పన్ను తెల్లబడి మోసం చేస్తుంది.

ఆమ్లం కడిగి ఆరబెట్టాక ఎనామెల్ సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుంది. అప్పుడు దాని మీద ఉమ్మి పడితే అతుకు చెడుతుంది, మళ్ళీ ఆమ్లం రాయాల్సిందే. ఉమ్మిని ఆపడానికి పంటి చుట్టూ బిగించే రబ్బరు షీటు మాత్రం చాలా పాతది. న్యూయార్క్‌లో శాన్‌ఫర్డ్ బార్నం అనే పళ్ళ డాక్టరు దాన్ని 1864లోనే వాడాడు.